వినొద్దన్నారు, తర్వాత వినడం లేదన్నారు



ఈ వరుసలో మన దేహాల చరిత్ర రాస్తున్నాను. పోయినసారి పాదాల గురించి, చెప్పుల గురించి మాట్లాడుకున్నాం. ఈసారి చెవి. కొంచెం పొడుగు వ్యాసమే. ఓపికగా చదవండి. బడుల్లో, హాస్టళ్లలో, వాడల్లో పిల్లలతో పనిచేసే తమ్ముళ్లు, చెల్లెళ్లు తప్పక చదవండి.

1

మా హాస్టల్లో ఒకడుండేవాడు. పేరు రాయను. ఐదో తరగతిలో చేరాడు. కుడి చెవి ఎప్పుడూ కారేది. అందులో దూది పెట్టుకునేవాడు, సాయంత్రానికి దూది పసుపు రంగుకి తిరిగేది. వాసన వచ్చేది. రాత్రిళ్లు వాడి పక్కన ఎవరూ చాప వేసుకునేవాళ్లు కాదు. అక్కడున్న మేమందరం ఎస్సీ పిల్లలమే. దూరం పెట్టడమంటే ఏమిటో ఒంటిమీద తెలిసినవాళ్లమే. అయినా వాణ్ణి దూరం పెట్టాం. ముందు ఆ సంగతి ఒప్పుకుని మొదలుపెడతాను.

బడిలో వాడిది చివరి బెంచీ. సారు ఒకటి అడిగితే వాడు ఇంకొకటి చెప్పేవాడు. క్లాసంతా నవ్వేది. కొన్నాళ్లకు వాడు జవాబు చెప్పడం మానేశాడు. ఇంకొన్నాళ్లకు ముందు బెంచీవాడి వీపు మీద గుద్దడం, పుస్తకాలు లాక్కోవడం మొదలుపెట్టాడు. ఒకరోజు సారు పిలిస్తే పలకలేదు. మూడుసార్లు పిలిచాడు. నాలుగోసారి వచ్చి గూబ మీద కొట్టాడు. "నిన్న వినపడింది, ఇవ్వాళ వినపడలేదా? నాటకాలా?" అన్నాడు. ఆ తర్వాత, "మీవాళ్లకి చదువెందుకురా" అన్నాడు. ఏడో తరగతి మధ్యలో వాడు ఊరెళ్లిపోయాడు. మళ్లీ రాలేదు.

నిన్న వినపడి ఇవ్వాళ వినపడకపోవడం నాటకం కాదని నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. ఆ జబ్బు లక్షణమే అది.

2

ముందు చెవి గురించి నాలుగు మాటలు.

బయట కనిపించే చెవి, దాని గొట్టం చివర కర్ణభేరి. కర్ణభేరి వెనక చిన్న గాలి గది ఉంటుంది. అదే మధ్య చెవి. అందులో మూడు బుల్లి ఎముకలుంటాయి. కర్ణభేరి అదిరితే ఆ ఎముకలు అదురును లోపలి చెవికి అందిస్తాయి. ఈ గది సరిగ్గా పనిచేయాలంటే లోపల గాలి ఉండాలి. ఆ గాలి ముక్కు వెనక భాగం నుంచి ఒక సన్న గొట్టం ద్వారా వస్తుంది. మనం గుటక వేసినప్పుడల్లా ఆ గొట్టం తెరుచుకుంటుంది.

పసిపిల్లల్లో ఆ గొట్టం పొట్టిగా ఉంటుంది, పెద్దవాళ్లకున్నంత ఏటవాలుగా కాక దాదాపు అడ్డంగా ఉంటుంది. అందుకే జలుబు చేసిన పిల్లాడి ముక్కులోని క్రిములు సులువుగా చెవిదాకా పాకుతాయి. చీము పడుతుంది. నొప్పి, జ్వరం. ఒక్కోసారి కర్ణభేరి చిల్లుపడి చీము బయటికి కారుతుంది. చాలామందికి అది మానిపోతుంది. మానకపోతే చెవి నెలల తరబడి, ఏళ్ల తరబడి కారుతూనే ఉంటుంది. ఇంకో రకం ఉంది. నొప్పి ఉండదు, జ్వరం ఉండదు, బయటికి ఏమీ కారదు. లోపల జిగురులాంటి ద్రవం నిలిచిపోతుంది. ఇంట్లో ఎవరికీ తెలియదు. పిల్లాడికీ తెలియదు. ప్రపంచం అంత మెల్లగానే మాట్లాడుతుందనుకుంటాడు.

జిగురు చెవిలో సగటున 20 నుంచి 30 డెసిబెల్స్ వినికిడి పోతుంది. కర్ణభేరికి పెద్ద చిల్లుపడి చెవి కారుతుంటే అంతకన్నా ఎక్కువ పోవచ్చు. ఇదెంతో తెలుసుకోవాలంటే రెండు చెవుల్లో వేళ్లు గట్టిగా పెట్టుకుని ఒక పీరియడ్ అంతా పాఠం వినండి. శబ్దం వినపడుతుంది. ఎవరో మాట్లాడుతున్నారని తెలుస్తుంది. కానీ మాట అంచులు తెగిపోతాయి. అచ్చులు బిగ్గరగా ఉంటాయి కాబట్టి అందుతాయి. క, త, ప, స లాంటి మెత్తటి శబ్దాలు జారిపోతాయి. కుడి అన్నారో గుడి అన్నారో, పాట అన్నారో బాట అన్నారో తెలియదు. ఇంట్లో వినే మాటైతే సందర్భాన్ని బట్టి పూరించుకుంటాం. ఎన్నడూ వినని మాటను ఏం పెట్టి పూరిస్తాం? బడి అంటేనే ఎన్నడూ వినని మాటలు వినే చోటు కదా.

పైగా ఈ వినికిడి ఒక్క తీరుగా ఉండదు. జలుబు చేస్తే తగ్గుతుంది, చెవి ఆరితే పెరుగుతుంది. ఈ వారం బాగుంటుంది, వచ్చే వారం ఉండదు. అందుకే పెద్దలు "కావాలంటే వింటాడు, వద్దంటే వినడు" అనుకుంటారు. జబ్బు కాస్తా పొగరుగా మారేది ఆ ఒక్క మాటతోనే.

పిల్లాడి వైపు నుంచి చూడండి. పొద్దుటి నుంచి ప్రతి మాటనూ గుంజి గుంజి వినాలి. మధ్యాహ్నానికి అలసిపోతాడు. అలసిన పిల్లలు కొందరు కిటికీలోంచి బయటికి చూస్తారు. కొందరు పక్కవాడి పలకలోకి చూసి రాస్తారు, దానికి కాపీ అని పేరు పెడతాం. ఆటలో నియమాలు సరిగ్గా వినపడక గొడవపడతారు. పిలిచి మాట్లాడే బదులు తోసి, గుద్ది మాట్లాడతారు. ముద్ర మాత్రం ఇద్దరికీ సిద్ధంగా ఉంటుంది. నెమ్మదస్తుడైతే మొద్దు, దుడుకువాడైతే పోకిరి.

3

ఇప్పుడు చరిత్రలోకి వద్దాం.

ఈ దేశంలో వినడం ఎప్పుడూ అందరి హక్కు కాదు. గౌతమ ధర్మసూత్రం పన్నెండో అధ్యాయంలో ఒక శిక్ష ఉంది. వేదం వల్లిస్తుండగా శూద్రుడు వింటే అతని చెవులను కరిగించిన తగరంతోనో లక్కతోనో నింపాలి. ఆ తర్వాతి సూత్రం, పలికితే నాలుక కోయమంటుంది. బ్రహ్మసూత్రాలకు భాష్యం రాసిన ఆదిశంకరుడు శూద్రుడికి వేదవిద్యలో అధికారం లేదని వాదించేచోట ఈ చెవుల మాటనే ప్రమాణంగా చూపించాడు. శూద్రుడికే ఆ శిక్ష అయితే, నాలుగు వర్ణాల బయట, ఊరి బయట ఉంచిన మన సంగతి వేరే చెప్పాలా?

ఆ శిక్ష ఎన్ని చెవుల్లో అమలైందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆ వాక్యం రాసినవాడికి ఒక సంగతి బాగా తెలుసు. చదువు చెవిలోంచి వస్తుంది. రాత తక్కువగా ఉండి, గురువు నోటి నుంచి శిష్యుడి చెవికి విద్య పోయే కాలంలో ఒక జాతి మొత్తాన్ని చదువుకు దూరం చేయాలంటే చెవి మూస్తే చాలు. శ్రుతి అన్న మాటకు అర్థమే వినబడింది అని.

తర్వాత ఇంగ్లీషువాళ్ల కాలంలో బడి తలుపు కొంచెం తెరుచుకుంది. తెరిచినా దూరం పోలేదు. సతారా బడిలో చిన్న భీమ్‌రావ్ ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద విడిగా ఒక మూల కూర్చునేవాడని, ప్యూను పోస్తేనే నీళ్లు తాగగలిగేవాడని ఆయనే రాసుకున్నాడు. అవమానం గురించి మనం చాలాసార్లు మాట్లాడుకున్నాం. ఈసారి ఆ మూలను చెవితో కొలుద్దాం.

ఆరుబయట, మాట్లాడేవాడి నుంచి దూరం రెట్టింపైనప్పుడల్లా శబ్దం దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. మామూలు మాట మీటరు దూరంలో 60 డెసిబెల్స్ ఉంటే నాలుగు మీటర్ల దూరంలో 48కి పడిపోతుంది. నాలుగు గోడల మధ్య అంతగా తగ్గదు, కానీ గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే చప్పుడు మాటను అలికేస్తుంది. ముందు వరసలో కూర్చున్న పిల్లాడికి, వరండాలోనో చివరి మూలలోనో కూర్చున్న పిల్లాడికి ఒకే పాఠం అందదు. చెవి బాగున్న పిల్లాడి పరిస్థితే అది. చెవి కారుతున్న పిల్లాణ్ణి ఆ మూలన కూర్చోబెట్టండి, 30 డెసిబెల్స్ తీసేయండి, ఫ్యాను చప్పుడు, పక్క క్లాసు అరుపులు కలపండి. ఏం మిగులుతుంది? మన పిల్లలు వెనకబడ్డారని అంటారు. వాళ్లను వెనక కూర్చోబెట్టిన సంగతి ఎవరూ అనరు.

4

ఈ కథ మనది మాత్రమే కాదు. దీన్ని అందరికన్నా ఎక్కువగా లెక్కగట్టింది ఆస్ట్రేలియాలో. కారణం, అక్కడి ఆదివాసీ పిల్లల చెవులు ప్రపంచంలోనే అతి ఎక్కువగా జబ్బుపడ్డ చెవుల్లో ఉన్నాయి.

ఆస్ట్రేలియా ధనిక దేశం. అక్కడి తెల్ల పిల్లల్లో ఏళ్ల తరబడి కారే చెవి అరుదు. అదే దేశంలో ఉత్తర ప్రాంతపు మారుమూల ఆదివాసీ ఊళ్లలో అది మామూలు. డార్విన్‌లోని మెంజీస్ పరిశోధనా సంస్థవాళ్లు 1990లలో పసికందులను పుట్టినప్పటి నుంచీ గమనించారు. ఆ పిల్లల ముక్కుల్లోకి చెవి జబ్బు తెచ్చే క్రిములు మొదటి వారాల్లోనే చేరిపోతున్నాయని తేలింది. క్రిములు అంత త్వరగా ఎందుకు చేరుతున్నాయి? ఒక్క ఇంట్లో రెండు మూడు కుటుంబాలు. ముఖం, చేతులు కడుక్కోవడానికి సరిపడా పనిచేసే కుళాయిలు లేవు. పొగ. జలుబు చేసిన అన్న పక్కనే పడుకునే చెల్లెలు. నెత్తురులో లోపం ఏమీ లేదు. ఉన్నది ఇంట్లో, ఇంటికి ముందు చరిత్రలో.

ఆ చరిత్ర ఏమిటంటే భూములు పోయాయి. మిషన్లలో, రిజర్వుల్లో కుక్కారు. పిల్లలను తల్లుల దగ్గర్నుంచి లాక్కుపోయారు. ఆదివాసులను దేశ జనాభా లెక్కలో కలపకుండా ఆపిన రాజ్యాంగ వాక్యం పోవడానికి 1967 రెఫరెండం దాకా ఆగాల్సి వచ్చింది. జనాభాలోనే లెక్కపెట్టని పిల్లల చెవులను ఎవడు లెక్కపెడతాడు?

డార్విన్‌లో డేమియన్ హోవార్డ్ అనే మనస్తత్వవేత్త ఏళ్ల తరబడి ఈ పిల్లల తరగతి గదుల్లో పనిచేశాడు. బడిలో దుడుకుగా, లేదా ముడుచుకుపోయి ఉన్న ఆదివాసీ పిల్లల వెనక వినికిడి లోపం ఉందని, టీచర్లు దాన్ని చెవి సమస్యగా కాక "వాళ్ల సంస్కృతే అంత" అనో "పెంపకం బాలేదు" అనో చదువుతున్నారని చెప్పాడు. తెల్ల టీచరు ఇంగ్లీషులో మాట్లాడతాడు. పిల్లాడి ఇంటి భాష వేరు. వార్ల్పిరి లాంటి సమాజాల్లో చేతి సైగలతోనే నిండుగా మాట్లాడుకునే సంప్రదాయం ఉంది. ఇంట్లో చూపు, సైగ, స్పర్శ కలిసి మాటను మోస్తాయి. బడిలో గొంతు ఒక్కటే. సగం వినే చెవి ఇంట్లో గడిచిపోతుంది, బడిలో దొరికిపోతుంది.

ఈ దారి ఎక్కడికి పోతుంది? డార్విన్, ఆలిస్ స్ప్రింగ్స్ జైళ్లలో ఆదివాసీ ఖైదీల వినికిడి పరీక్షించారు. 2012లో ఫలితాలు అచ్చయ్యాయి. పరీక్షించినవాళ్లలో 90 శాతానికి పైగా మందికి చెప్పుకోదగ్గ వినికిడి లోపం ఉంది. చెవి జబ్బే వాళ్లను జైలుకు పంపిందని నేననను. అట్లా అంటే పోలీసులను, కోర్టులను, పేదరికాన్ని వదిలేసినట్టవుతుంది. కానీ పోలీసు ప్రశ్న సరిగ్గా వినపడక తలూపిన మనిషిని, జడ్జి మాట అందక మౌనంగా నిలబడ్డ మనిషిని ఊహించుకోండి. బడిలో "మొండివాడు" అన్న మాటకే స్టేషన్లో "సహకరించలేదు" అని పేరు.

5

ఇప్పుడు నీళ్ల దగ్గరికి వద్దాం.

ఆస్ట్రేలియాలో న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రంలో మోరీ అనే ఊరుంది. మన తెలంగాణలో మోరీ అంటే మురికి కాలువ. పేరు కలవడం యాదృచ్ఛికమే, కానీ ఈ కథ విన్నాక మీరే చెప్పండి. ఆ ఊళ్లో వేడినీటి ఊటతో కట్టిన ఈతకొలను ఉంది. ఆదివాసులు అందులో దిగకూడదని 1955లో పురపాలక సంఘం తీర్మానం చేసింది. 1965 ఫిబ్రవరిలో సిడ్నీ విశ్వవిద్యాలయం విద్యార్థులు ఒక బస్సులో బయల్దేరారు. వాళ్ల నాయకుడు చార్లెస్ పెర్కిన్స్, ఆలిస్ స్ప్రింగ్స్‌లో పుట్టిన ఆదివాసీ యువకుడు. అమెరికాలో నల్లవాళ్ల హక్కుల కోసం సాగిన బస్సు యాత్రల స్ఫూర్తితో దీన్నీ ఫ్రీడమ్ రైడ్ అన్నారు. ఫిబ్రవరి 20న పెర్కిన్స్, అతని మిత్రులు ఆదివాసీ పిల్లలను వెంటబెట్టుకుని మోరీ కొలనుకు వెళ్లారు. తెల్లవాళ్ల గుంపు కోడిగుడ్లు, టమాటాలు విసిరింది, మనుషుల మీద పడింది. ఆ పిల్లలు చేయబోయింది ఏమిటి? నీళ్లలో దిగడం.

దానికి 38 ఏళ్ల ముందు, 1927 మార్చి 20న, మహాడ్‌లో బాబాసాహెబ్ వేలమందితో నడిచి వెళ్లి చవదార్ చెరువు నీళ్లు తాగాడు. ఆ చెరువు అందరికీ తెరిచి ఉందని పురపాలక సంఘం అంతకు ముందే తీర్మానించింది. కాగితం మీద తెరిచిన చెరువును కాళ్లతో తెరిచినందుకు మనవాళ్ల తలలు పగలగొట్టారు. ఆ తర్వాత 108 కుండల పేడ, గోమూత్రం, పాలు, పెరుగు కలిపి చెరువును శుద్ధి చేసుకున్నారు.

ఈ రెండు నీళ్లకూ చెవికీ సంబంధం ఏమిటి?

2000లో పశ్చిమ ఆస్ట్రేలియాలో రెండు మారుమూల ఆదివాసీ ఊళ్లలో క్లోరిన్ నీళ్ల ఈతకొలనులు కట్టారు. బడికి వస్తేనే కొలను అని నియమం పెట్టారు. పరిశోధకులు కొలను తెరవక ముందు, తెరిచాక పిల్లలను పరీక్షించి 2003లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశారు. మొదట రెండు ఊళ్లలోనూ 32 శాతం పిల్లలకు కర్ణభేరి చిల్లు ఉంది. 18 నెలల్లో ఒక ఊళ్లో 13 శాతానికి, ఇంకో ఊళ్లో 18 శాతానికి తగ్గింది. చర్మం మీద చీము పుండ్లు ఒక ఊళ్లో 62 నుంచి 18 శాతానికి, ఇంకో ఊళ్లో 70 నుంచి 20 శాతానికి పడిపోయాయి. ఒక ఊళ్లో బడి హాజరు కూడా పెరిగింది.

దీన్ని మంత్రంలా పట్టుకోవద్దు. తర్వాత జరిగిన ఇంకో పరీక్షలో ఈత వల్ల చెవి చీము తగ్గినట్టు కనపడలేదు. మన ఊరి మురికి చెరువులో చిల్లు చెవి పిల్లాణ్ణి దింపితే జబ్బు పెరుగుతుంది కూడా. నేను చెప్పేది ఒక్కటే. ఎవరికి శుభ్రమైన నీళ్లు, ఎవరికి లేవు అన్న ప్రశ్న గౌరవానికే పరిమితం కాదు. అది పిల్లల చర్మం మీద, ముక్కులో, చెవిలో రాసి ఉంటుంది. మహాడ్‌లో ఆ రోజు గెలవాలనుకున్నది మనుషులుగా గుర్తింపు. దానితోపాటు నీళ్లు కూడా. ఆ రెండింటినీ విడదీయకండి.

6

ఇక్కడ ఒక అనుమానం రావాలి. చెవి జబ్బు పైకులాల పిల్లలకు రాదా? వస్తుంది. ఎక్కడైనా ఎక్కువమంది పిల్లలకు చిన్నప్పుడు ఒకసారైనా వస్తుంది. మరి అందరి చదువూ ఎందుకు దెబ్బతినదు?

రెండు పరిశోధనలు చెబుతాను. అమెరికాలో పిట్స్‌బర్గ్ వైద్యులు మూడేళ్ల లోపు పిల్లల్లో మధ్య చెవిలో ద్రవం నిలిచినవాళ్లను రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకు వెంటనే కర్ణభేరిలో చిన్న గొట్టాలు పెట్టారు, ఇంకో గుంపుకు ఆగి చూశారు. ఆ పిల్లలు 9 నుంచి 11 ఏళ్లకు వచ్చాక 2007లో ఫలితాలు రాశారు. మాట, చదువు, ప్రవర్తన ఏదీ పెద్దగా తేడా లేదు. న్యూజిలాండ్‌లోని డ్యునెడిన్‌లో 1972-73లో పుట్టిన పిల్లలను ఏళ్ల తరబడి వెంబడించిన ఇంకో పరిశోధన ఉంది. అందులో చిన్నప్పుడు రెండు చెవుల్లోనూ ద్రవం నిలిచిన పిల్లల్లో చదవడంలో వెనకబాటు, నిలకడలేనితనం పదేళ్లు దాటాక కూడా కొంత కనిపించాయి.

రెండూ కలిపి చదవండి. చెవిలో ద్రవం ఒక్కటే పిల్లాడి జీవితాన్ని తీర్మానించదు. ఎంతకాలం ఉంది, ఒక చెవా రెండా, వెంటనే ఎవరు గమనించారు, ఇంట్లో ఎంతమంది దగ్గర కూర్చుని మాట్లాడారు, బడి ఎంత నిశ్శబ్దంగా ఉంది, టీచరు రెండోసారి చెప్పాడా, తిట్టాడా అన్నవి కలిసి తీర్మానిస్తాయి. డాక్టరు మామయ్య ఉన్న ఇంట్లో చెవిపోటు మూడు రోజుల జబ్బు. తల్లి పొద్దున్నే కూలికి పోయే ఇంట్లో, ఆసుపత్రికి పోతే ఒక రోజు కూలి పోయే ఇంట్లో, అదే చెవిపోటు పదేళ్ల జబ్బు. క్రిమికి కులం లేదు. మందు చీటీకి, బస్సు చార్జీకి, సారు ఓపికకు కులం ఉంది.

అందుకని ఇంకో తప్పు కూడా చేయకూడదు. మన పిల్లల వెనకబాటంతా చెవి జబ్బే అని వైద్యుడి చేతిలో పెట్టేస్తే కులం తప్పించుకుంటుంది. కులమే అని ఊరుకుని చెవిలో చూడకపోతే పిల్లాడు నష్టపోతాడు. రెండూ ఒకేసారి చూడాలి.

చరిత్రలో ఇది సాధ్యమైన చోట్లున్నాయి. ఇంగ్లండ్‌లో బోయర్ యుద్ధానికి సైన్యంలో చేరడానికి వచ్చిన పేద యువకుల్లో చాలామంది పనికిరారని తిప్పి పంపాక పాలకులకు భయం పట్టుకుంది. 1907 చట్టంతో బడి పిల్లలకు వైద్య పరీక్షలు మొదలయ్యాయి. పేద పిల్లల కారే చెవులు అప్పుడు సర్కారు లెక్కల్లోకి ఎక్కాయి. ఇళ్లు, తిండి, బడి వైద్యం మెరుగై, ఆ తర్వాత యాంటీబయాటిక్స్ వచ్చి, ఆ జబ్బు అక్కడ అరుదైపోయింది. దయతో మొదలైన పని కాదది, సిపాయిలు కావలసి మొదలైంది. ఎందుకు మొదలైనా పని జరిగింది.

7

ఇక మన దగ్గరికి. ఏళ్ల తరబడి కారే చెవి జనాభాలో 4 శాతం దాటితే అది అత్యవసరంగా పట్టించుకోవాల్సిన ప్రజారోగ్య సమస్య అని ప్రపంచ ఆరోగ్య సంస్థ గీత గీసింది. 2004లో ఆ సంస్థ వేసిన పట్టికలో ఆ గీత దాటినవాళ్ల వరసలో ఆస్ట్రేలియా ఆదివాసులు, గ్రీన్‌లాండ్, టాంజానియా ఉన్నాయి. అదే వరసలో భారతదేశమూ ఉంది. ఆస్ట్రేలియావాళ్లు దాని మీద పార్లమెంటు విచారణ వేసుకున్నారు. మనం "చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టు" అని సామెత చెప్పుకుంటున్నాం.

ఆ సామెత గురించి కూడా ఒక మాట. చెవుడు అవమానం కాదు. చెవిటివాళ్లకు వాళ్ల సైగల భాష ఉంది, దానికి వ్యాకరణం ఉంది, గౌరవం ఉంది. నేను కొట్లాడేది నయమయ్యే జబ్బును నయం చేయకుండా వదిలేసి, దానికి మొద్దు అని పేరు పెట్టడం మీద.

చేయగలిగినవి ఉన్నాయి. రాసుకోండి.

ఒకటి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు వైద్య బృందాలు రావాలి. అవి చూడాల్సిన జబ్బుల జాబితాలో మధ్య చెవి జబ్బు, వినికిడి లోపం రెండూ ఉన్నాయి. మీ బడికి ఆ బృందం ఎప్పుడొచ్చింది, ఎంతమంది చెవులు చూసింది, ఎంతమందిని పెద్దాసుపత్రికి పంపింది, పంపినవాళ్లలో ఎంతమంది నిజంగా వెళ్లారు? సమాచార హక్కు కింద అడగండి. కులం వారీగా, హాస్టల్ వారీగా అడగండి. విద్యార్థి సంఘాలకు ఇంతకన్నా మంచి పని లేదు.

రెండు. న్యుమోకోకల్ టీకా 2021 నుంచి దేశమంతటా సర్కారు టీకాల్లో ఉంది. ఆస్ట్రేలియాలో ఆదివాసీ పిల్లలకు 2001లోనే ఉచితంగా మొదలైంది. వాడలో ఏ పసిబిడ్డకూ ఆ సూది తప్పిపోకుండా చూడండి.

మూడు. చెవి కారుతుంటే కాచిన నూనె, వెల్లుల్లి రసం, చనుబాలు, ఆకు పసరు ఏదీ పోయవద్దు. పిన్నీసు, అగ్గిపుల్ల, కోడి ఈక పెట్టవద్దు. మన అమ్మలు తప్పు చేశారని కాదు, డాక్టరు లేని చోట వాళ్లకు తెలిసింది వాళ్లు చేశారు. ఇప్పుడు చేయాల్సింది శుభ్రమైన దూది వత్తితో చీము అద్ది చెవిని పొడిగా ఉంచడం, స్నానంలో నీళ్లు పోకుండా చూడటం, చెవి డాక్టరు రాసిన చుక్కల మందు పూర్తిగా వాడటం. కర్ణభేరి చిల్లు మూయడానికి ఆపరేషన్ ఉంది. చెవి వెనక వాపు, తీవ్రమైన తలనొప్పి, జ్వరం, తల తిరగడం, మూతి వంకరపోవడం ఉంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకుపోండి. చీము మెదడు దాకా పోతే ప్రాణం పోతుంది.

నాలుగు. టీచర్లుగా ఉన్న మనవాళ్లకు. పిలిస్తే పలకని పిల్లాణ్ణి ముందు బెంచీకి తీసుకురండి. బాగా వినపడే చెవి మీ వైపు ఉండేలా కూర్చోబెట్టండి. బోర్డు వైపు తిరిగి మాట్లాడకండి, ముఖం పిల్లల వైపు ఉంచండి. "అర్థమైందా?" అని అడగకండి, అందరూ అయిందనే అంటారు. "నేనేం చెప్పాను?" అని అడగండి. చెవి మీద కొట్టకండి. గూబ మీద దెబ్బకు కర్ణభేరి పగులుతుంది. పిల్లలను కొట్టడాన్ని 2009 విద్యాహక్కు చట్టం నిషేధించింది కూడా.

అయిదు. వాసన వస్తోందని పక్కనుంచి లేవకండి. ఇది పిల్లలకు మనం చెప్పాలి. మాకు ఎవరూ చెప్పలేదు.

8

ఆ హాస్టల్ పిల్లాడు ఇప్పుడు నలభై దాటాడు. సెంట్రింగ్ పని చేస్తాడు. పోయిన నెల ఫోన్ చేశాడు. ఎప్పుడూ ఎడమ చెవికే పెట్టుకుంటాడు, కుడి చెవి పూర్తిగా పోయింది. మాటల మధ్య చెప్పాడు, రెండో తరగతి చదివే చిన్న కూతురికి చెవి కారుతోందట. టీచరమ్మ "పాప పరాకుగా ఉంటోంది" అందట.

"ఏం చేశావ్?" అన్నాను.

"రెండు రోజులు పనికి పోలేదన్నా. పెద్దాసుపత్రికి తీసుకపోయిన. చుక్కలు రాసిండ్రు, మళ్ల రమ్మన్నరు. టీచరమ్మకు చెప్పిన, ముందల కూసోబెట్టమని."

కాసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. తర్వాత వాడే, "వినపడుతుందా అన్నా?" అన్నాడు.

వినపడిందిరా. చాలా ఏళ్లు ఆలస్యంగా.

వచ్చే భాగంలో కళ్ల గురించి, కళ్లజోడు లేక ఆగిపోయిన చదువుల గురించి. మీ ఊళ్లో, మీ హాస్టల్లో చూసిన సంగతులుంటే రాయండి. పిల్లల పేర్లు మాత్రం రాయకండి.

జై భీమ్.